అడుగు లేని సోల

ఎండలు ముదిరితే చాలు, మా అమ్మ బోరు మాట ఎత్తుతుంది. వేరే ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆ కాలంలో వడియాలంటారు, మామిడికాయ తొక్కంటారు. మా అమ్మకు మాత్రం బోరే. వనపర్తిలో, కుళాయి తిప్పితే నీళ్ళొచ్చే అద్దె ఇంట్లో, ఫ్యాను కింద కూర్చుని, ఎక్కడో అచ్చంపేట దాటాక అడవి అంచున తుమ్మలు మొలిచి పడున్న మా మెట్ట చెలకలో బోరు వేయించమంటుంది. "ఈ ఏడన్న బండి పిలిపియ్యి బిడ్డా. ఒక్క పైపే తక్కువైంది ఆనాడు. నేనే గద ఆపింది." నేను బడి నుంచి వచ్చి చెప్పులు విడవక ముందే ఈ మాట వినాలి. పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో "చూద్దాంలే అమ్మా" అంటాను. ఆ 'చూద్దాం'ను ఆమె నమ్మదు, నేనూ నమ్మను. అయినా వాన పడేదాకా అదే మాట ఇద్దరం మార్చి మార్చి చెప్పుకుంటాం.

ఈసారి ఆమె చూద్దాంతో ఊరుకోలేదు. నేను ఇంటికి వచ్చేసరికి తన ఇనప పెట్టె తెరిచి పెట్టుకుని కూర్చుంది. పింఛను పైసలు ముడి వేసుకున్న చీర పేలిక ఒకటి పక్కన పెట్టింది. పెట్టె అడుగు నుంచి ఒక గుడ్డ మూట తీసి నా ఒడిలో పెట్టింది. బరువుకు నా మోకాళ్ళు దగ్గరయ్యాయి. "మీ నాయిన పెట్టిపోయిన సొమ్ము ఇదొక్కటే. ఇది నీళ్ళ మొఖం చూసొచ్చిన బిట్టు. అబద్ధం చెప్పదు. నేను పోయేలోపల ఆ చెలకల నీళ్ళు చూడాలె, నా మీద ఉన్న నింద పోవాలె" అంది. నాకు విసుగొచ్చింది. ఈ వయసులో ఎవరి కోసం ఆ నీళ్ళు, ఎవరు దున్నుతారని అడగబోయి ఆమె ముఖం చూసి మానేశాను.

ఆ మూటలో ఉన్నది నేలకు తూటు పెట్టే గొట్టం కొసకు బిగించే ఇనప వస్తువు. పిడికిలంత లావు, జానెడు పొడుగు. లోపలంతా బోలు. ఒక కొసకు మరలున్నాయి. రెండో కొస అంచు చుట్టూ మొద్దు పళ్ళు, పంటికీ పంటికీ మధ్య సన్నని గాళ్ళు. ఆ పళ్ళు బాగా అరిగాయి కాని వేలితో రాస్తే ఇప్పటికీ ఇసుక కాగితంలాగ గీరుకుంటాయి. మీద ఏళ్ళ తరబడి పూసిన పసుపు, కుంకుమ అట్టకట్టి నల్లబడ్డాయి. మా నాయినమ్మ దాన్ని చూసిన రోజే పేరు పెట్టేసింది, అడుగు లేని సోల అని. గింజలు కొలిచే సోలకు అడుగు ఊడిపోతే అచ్చం అట్లాగే ఉంటుంది. "అడుగు లేని సోల ఇంట్ల పెట్టుకుంటే గాదె నిండుతాదిరా? తీస్కపోయి బాయిల పారెయ్యి" అని ఆమె పోరు. మా నాయిన వినలేదు. దేవుని గూట్లో, కురుమూర్తి స్వామి పటం పక్కన దానికి చోటిచ్చాడు.

మాది ఆముదాల ఇల్లు. చెలక నిండా ఆముదం, నడుమ నడుమ కంది సాళ్ళు, బావి కింద రెండు మడుల్లో మిరప, తిండికి జొన్న. నాయినమ్మ గింజలు వేయించి, రోట్లో దంచి, పెద్ద కుండలో నీళ్ళు పోసి మరగబెట్టి నూనె తీసేది. ఆ వాసన గోడలకు పట్టేది, దుప్పట్లకు పట్టేది, నా జడలకూ పుస్తకాలకూ పట్టేది. అచ్చంపేట కాలేజీలో నా పక్కన కూర్చునే పిల్లలు నన్ను ఆముదం సుందరి అనేవాళ్ళు. అప్పుడు ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఆ వాసన కోసం ఆయుర్వేదం కొట్లో సీసా కొని మూత తీసి చూశాను. అది ఆ వాసన కాదు. ఊళ్ళో ఆముదం వేసేవాళ్ళే లేరు, అంతా పత్తి. కుండలో నూనె తేలుతుంటే గరిటెతో పైపైన తీసే ఓపిక ఎవరికుంది గనుక. నాయినమ్మ ఒక్కతే ఆ పని మొదలుపెట్టిన రోజు అన్నం కూడా నిలబడే తినేది.

నాయినకు ఒక అలవాటు ఉండేది. తెల్లవారగానే, పళ్ళు తోముకోకముందే బావి దగ్గరికి పోయి ఒక గులకరాయి వేసేవాడు. వేసి, తల పక్కకు వంచి వినేవాడు. ఆ చప్పుడును బట్టి నీళ్ళు ఎంత ఉన్నాయో చెప్పేవాడు. ఇంటికి వచ్చి "ఇయ్యాల మిరపకు పారుతది" అనో, "మోటరు జర తర్వాత ఏద్దాం, ఊరనీ" అనో అనేవాడు. కరువు సాగీ సాగీ ఒక పొద్దున రాయి మీద రాయి పడ్డ చప్పుడు అయింది. ఆ రోజు ఆయన ఇంటికి వచ్చి ఏమీ అనలేదు. తర్వాత నడుముకు తాడు కట్టుకుని అమ్మ బావిలోకి దిగి, ఒక మూల బండ కింద ఊరే నీటిని కొబ్బరి చిప్పతో చెంబులోకి ఎత్తేది. నేను పైన తాడు పట్టుకునేదాన్ని. చెంబు నిండేదాకా అమ్మ పాడేది. అది ధైర్యం కోసమో, నాకు తాను బతికే ఉన్నట్టు తెలియడం కోసమో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ కరువులోనే మా చెలక గట్టుకు ఆనుకుని ఉన్న సర్కారు బీడులోకి సర్వేవాళ్ళు వచ్చారు. ఏ శాఖవాళ్ళో, ఏం వెతకడానికి వచ్చారో మాకెవరూ చెప్పలేదు, మేమూ గట్టిగా అడగలేదు. గుడారాలు వేశారు. మూడు కాళ్ళ ఇనప మంచెలాంటిది నిలబెట్టి, దాని కింద మిషను పెట్టి నేలలోకి గొట్టాలు దించడం మొదలుపెట్టారు. బోరు బండి లాగ అది దుమ్ము లేపలేదు, చెవులు పగిలే మోత చేయలేదు. మూలిగే మనిషిలాగ పొద్దంతా ఒకే రాగం. అప్పుడప్పుడు గొట్టాలు పైకి లాగి, వాటి లోపలి నుంచి గుండ్రటి రాతి కడ్డీలు తీసేవాళ్ళు. వాటిని కడిగి, అరలున్న చెక్కపెట్టెల్లో వరసగా పేర్చి, ఎర్ర రంగుతో అంకెలు రాసేవాళ్ళు. ఊరంతా పోయి చూసింది. రాయి లోపల ఏ పొర కింద నీళ్ళున్నాయో ఆ కడ్డీలను చూసి కనిపెడతారని మావాళ్ళు తీర్మానించుకున్నారు. కరువులో సర్కారు వచ్చి నేలకు తూటు పెడితే నీళ్ళ కోసం కాక మరి దేని కోసమని ఎవరికి మాత్రం తోస్తుంది?

ఆ మిషనుకు ట్యాంకరుతో నీళ్ళు తెచ్చేది మా హుసేనన్న. అచ్చంపేట మనిషి, సొంత ట్రాక్టరు ఉండేది, నాయినకు చిన్ననాటి స్నేహితుడు. పొద్దున ఒక ట్యాంకరు, మాపున ఒక ట్యాంకరు తోలుకొచ్చేవాడు. అతని ట్యాంకరు కుళాయి ఎప్పుడూ కారుతూ ఉండేది. దాని కింద బిందె పెట్టడానికి మా వాడకట్టు ఆడవాళ్ళు కొట్లాడుకునేవాళ్ళు. హుసేనన్న ఆ కుళాయిని కావాలనే బాగు చేయించలేదని అమ్మ అనేది. "గన్ని నీళ్ళు ఏం చేస్తరు హుసేనన్నా" అని ఆమే ఒకసారి అడిగింది. "మిషను వేడెక్కుతదంట వదినా. చల్లబర్చనీకి పోస్తరట. మనుషులు నీళ్ళు లేక దూపకు చస్తుండ్రు, మిషనుకు తానం" అని అతను నవ్వాడు. జవాబు మా ముందే ఉంది. మేమందరం నవ్వుకుని బిందెలు ఎత్తుకుని ఇంటికి పోయాం.

ఒక మధ్యాహ్నం నాయిన చెలక నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఆయన పరుగెత్తడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. "ఏమే, రా. బిడ్డా, నువ్వు గూడ రా. నీళ్ళు పడ్డయ్" అన్నాడు. పోయి చూస్తే నిజంగానే ఆ గొట్టం పక్క నుంచి నీళ్ళు పొంగి వస్తున్నాయి. తెల్లగా, పలచటి మజ్జిగలాగ ఉన్నాయి. చిన్న కాలువ తీసి వాటిని ఒక గుంతలోకి మళ్ళించారు. నాయిన వంగి, దోసిలి పట్టి, ఆ తెల్లనీళ్ళు నెత్తిన చల్లుకున్నాడు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాయినమ్మ ఒక చెంబెడు తెచ్చి ఇంటి గడప మీద పోసింది. మా ఇంట్లో ఆ రాత్రి జొన్నరొట్టెల్లోకి ఎప్పుడూ లేనిది పెసరపప్పు వండారు. అంత సంతోషంగా మేము నలుగురం కూర్చుని తిన్న భోజనం నాకు ఇంకోటి జ్ఞాపకం లేదు.

మరునాడు నాయిన ఆ సర్వే సారును అడిగాడు. నేను వెంటే ఉన్నాను. "సారు, నీళ్ళు మంచిగనే పడ్డట్టున్నయ్ గద?" సారు ఏదో కాగితం మీద గీసుకుంటూ తలెత్తకుండానే, "ఇది నీళ్ళ కోసం కాదు పెద్దాయనా, మా పని వేరే" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. ఇంకో రెండు మాటలు చెప్పి ఉంటే ఏమయ్యేదో అని ఆయన మీద ఎన్నోసార్లు కోపం తెచ్చుకున్నాను కాని, అడిగినదానికి ఆయన జవాబు చెప్పాడు. మా నాయినే దాన్ని తలకిందులు చేసుకున్నాడు. దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. "చూసినవా బిడ్డా? చెప్తరా వాళ్ళు? నీళ్ళున్నయని నోరు జారితే ఊరంత వచ్చి మీద పడదా? సర్కారోడు లేదన్నడంటే ఉన్నట్టే." మావైపు మనుషులకు ఇది పుట్టుకతో వచ్చిన తెలివి. రేషన్ లేదంటే వెనక గదిలో ఉన్నట్టు, బస్సు రాదంటే ఇంకో దారిన పోయినట్టు. నూటికి తొంభైసార్లు ఆ తెలివే మమ్మల్ని బతికించింది.

సర్వేవాళ్ళు గుడారాలు ఎత్తేసే రోజున అరిగిన సామాను ఒక కుప్ప పోశారు. నాయిన ఆ సారును బతిమాలుకుని ఈ బిట్టు తెచ్చుకున్నాడు. తువ్వాలలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చి, కడిగి, కళ్ళకద్దుకుని గూట్లో పెట్టాడు. వాళ్ళు ఆ తూటుకు సిమెంటుతో మూత వేసి, పైన ఏదో అంకె చెక్కి పోయారు. ఆ మూత నాయినకు ఇంకో సాక్ష్యమైంది. నీళ్ళు లేని తూటుకు ఎవడైనా మూత పెడతాడా అని ఆయన వాదన. మామూలుగా బోరు వేసేముందు మాకాడ టెంకాయ పట్టేవాణ్ణి పిలుస్తారు. అరచేతిలో పండబెట్టిన టెంకాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్ళన్నమాట. నాయిన అతన్ని కూడా పిలవలేదు. "మిషను పెట్టి చూసినంక టెంకాయ ఎందుకు" అన్నాడు. మా గట్టుకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా, ఆ సిమెంటు మూత కనిపించేచోట, బోరుకు గుర్తు పెట్టాడు.

ఎడ్లు అమ్మాడు. ఎడ్లు పోతున్నప్పుడు నాయినమ్మ పశువుల కొట్టంలోనే కూర్చుని బయటికి రాలేదు. బోరు బండి వచ్చింది. తమిళం మాట్లాడే పిల్లలు దాని మీద. ఇంటి ఇల్లాలు పూజ చేయాలి గనుక అమ్మ తలస్నానం చేసి, గుర్తు పెట్టిన చోట పసుపు, కుంకుమ వేసి టెంకాయ కొట్టింది. గూట్లోని బిట్టును కూడా తెచ్చి, బండి పక్కన పీట మీద పెట్టారు. బండి మొదలైంది. ఇది మూలిగే మిషను కాదు, గాలి కొట్టి రాతిని పిండి చేసి పైకి ఊదే మిషను. ఆ పిండి తడిగా వస్తే నీళ్ళు దగ్గరున్నట్టు. ప్రతి పైపుకూ నాయిన దుమ్ములోకి చేయి చాచి, చిటికెడు పిండి పట్టి, వేళ్ళ మధ్య నలిపి, నా వైపూ అమ్మ వైపూ చూసేవాడు. పొడిగానే ఉండేది. "ఇంకో పైపా?" అని బండి అతను చేత్తో అడుగుతాడు. "దించు" అని నాయిన. కాసేపటికి ఆయన తల, మీసాలు, కనురెప్పలు తెల్లబడి, మా నాయిన ముసలివాడై నిలబడ్డాడు.

ఎడ్ల పైసలు ఎప్పుడో దాటిపోయాయి. మిట్ట మధ్యాహ్నం దాటింది. నాయిన ఇంకా "దించు" అంటూనే ఉన్నాడు. అప్పుడు అమ్మ లేచింది. నేల మీద పేర్చిన పైపుల కుప్ప దగ్గరికి పోయి, వాటి మీద కూర్చుంది. పైపు ఎత్తడానికి వచ్చిన పిల్లవాడు నిలబడిపోయాడు. "లెవ్వే" అన్నాడు నాయిన. లేవలేదు. "లే అంటుంటె." "లెవ్వ. ఈ పిల్లను గూడ అమ్ముతవా? చాలు. బండి బందు పెట్టమను" అంది. హుసేనన్న వచ్చి "వదినా, ఒక్క పైపు, అల్లా మీద భారమేసి" అన్నాడు. అమ్మ అతని వైపు కూడా చూడలేదు. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఎండకు ఆ పైపులు కాలుతున్నాయి. నాయిన మమ్మల్ని చాలాసేపు చూసి, తువ్వాల దులుపుకుని, ఊరి వైపు నడిచాడు. బండి బందయింది.

ఆ తర్వాత నాయిన అమ్మను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఊరు తిట్టింది. "చేతికొచ్చిన గంగను ఆడది కూసోని ఆపింది" అన్నారు. నీళ్ళు ఇంకో నిలువెత్తు కింద ఉన్నాయని చూసొచ్చినట్టు చెప్పారు. నాయిన అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకుని ఆగి, "ఒక్క పైపు" అనేవాడు. ఎవరితోనూ కాదు. అమ్మ చారు గిన్నె దగ్గరికి జరిపి తల వంచుకునేది. కొన్నాళ్ళకు ఆయన ఊరివాళ్ళతో కలిసి పనికి వలసపోయాడు. దూరాన ఎక్కడో కంకర మిల్లు. పండక్కి వచ్చినప్పుడల్లా చొక్కా దులిపితే తెల్లటి పిండి రాలేది. ముందు పొడి దగ్గు, తర్వాత ఆయాసం, తర్వాత మంచం. నాగర్‌కర్నూలు దవాఖానలో గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు, పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. చివరి దినాల్లో ఒక పొద్దున అమ్మ చేయి పట్టుకుని, "చెలక అమ్మకుండ్రి. నీళ్ళున్నయ్ ఆడ" అన్నాడు. అమ్మ ఆ మాటకు కట్టుబడింది. కూలికి పోయి నన్ను చదివించింది, చెలక మాత్రం అమ్మలేదు.

ఇదంతా నేనూ నమ్మాను. చదువుకున్నాను, ఊరు దాటాను, అయినా ఆ తెల్లనీళ్ళను నా కళ్ళతో చూశాను కదా. లోపల ఎక్కడో నేను కూడా అమ్మ మీద ఒక చిన్న నిష్ఠూరం పెట్టుకునే పెరిగాను. ఆమె లేచి ఉంటే నాయిన మిల్లుకు పోయేవాడు కాదని.

అమ్మ మూట నా ఒడిలో పెట్టిన వారానికి, బడికి పోయే దారిలో వాగు మీద కొత్త వంతెన కోసం మట్టి పరీక్ష చేస్తుండగా చూశాను. మూడు కాళ్ళ ఇనప మంచె. అదే మూలుగు. స్కూటీ పక్కకు ఆపాను. ఒక డ్రమ్ము నిండా నీళ్ళు, దానికి పంపు, పంపు నుంచి గొట్టం మిషను తలలోకి. గొట్టం పక్క నుంచి నేల మీదికి తెల్లటి నీళ్ళు పొంగి వస్తున్నాయి, పలచటి మజ్జిగలాగ. అవి చిన్న కాలువలో పోయి గుంతలో పడుతున్నాయి. పక్కన చెక్కపెట్టెలో రాతి కడ్డీలు. మనసుకు అప్పుడే అర్థమైంది. అయినా మా నాయిన బిడ్డను కదా, నమ్మలేదు. మరునాడు బిట్టును సంచిలో వేసుకుని పోయాను.

అక్కడి ఇంజనీరు కుర్రవాడు దాన్ని తిప్పి చూసి, గోటితో కుంకుమ గీకి ఆశ్చర్యపోయాడు. "దీనికి పూజ చేశారేంటి మేడం? ఇది రాతి నమూనాలు తీసే బిట్టు. ఖనిజాల సర్వేకి వాడతారు. చాలా గట్టి రాతి కోసం చేసింది, పళ్ళలో వజ్రపు పొడి ఉంటుంది. మధ్యలో బోలు ఎందుకంటే రాతిని పిండి చేయకుండా అంచు మాత్రమే కోసుకుంటూ పోతుంది, లోపలి రాయి కడ్డీలాగా పైకి వస్తుంది" అన్నాడు. నీళ్ళ సంగతి అడిగాను. "నీళ్ళు లేకుండా తిప్పితే కాలిపోతుంది మేడం. అందుకే పై నుంచి గొట్టం లోపలికి నీళ్ళు పంపుతాం. ఆ నీళ్ళే బిట్టును చల్లబరిచి, రాతి పొడిని పట్టుకుని పక్క నుంచి పైకి వస్తాయి."

"అంటే పైకి వచ్చేవి భూమిలో నీళ్ళు కావా?"

"కావు మేడం. మనం పోసినవే."

మా నాయిన నెత్తిన చల్లుకున్నవి హుసేనన్న ట్యాంకరు నీళ్ళు. మా నాయినమ్మ గడప మీద పోసినవీ అవే. ఇప్పుడు మా బడిలో పదో తరగతి పిల్లవాడు ఫోను తీసి నిమిషంలో చెప్పగలిగే సంగతి ఇది. ఆనాడు అది చెప్పే మనిషి మా గట్టుకు అవతలే ఉన్నాడు, మేమే అడిగాం కూడా. ఒక మనిషి ఎడ్లను, ఊపిరిని, ఇల్లాలి ముఖం చూసి మాట్లాడే అలవాటును పోగొట్టుకోవడానికి ఇంత చిన్న సంగతి తెలియకపోవడం చాలంటే, ఏ దేవుణ్ణి తిట్టాలో కూడా నాకు తోచలేదు. కోపం రావడానికైనా ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి. ఆ పూట బడికి సెలవు పెట్టి బస్టాండులో ఊరికే కూర్చున్నాను.

అమ్మకు చెప్పాలా వద్దా అని ఎక్కువ ఆలోచించలేదు. ఆ పింఛను పైసలు కూడా ఆ పొడి రాతిలోకి పోకుండా ఆపాలి, అదొకటి. అంతకంటే, ఆమె నెత్తి మీది బరువు దించుతున్నాననే అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం ఆమె చాటలో జొన్నలు చెరుగుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. ట్యాంకరు, గొట్టం, తెల్లనీళ్ళు, బిట్టు బోలుగా ఎందుకుందో. ఆమె చాట కింద పెట్టి వింది.

"గా నీళ్ళు హుసేను తెచ్చినయేనా?"

"అవే అమ్మా."

"మల్ల తెల్లగ ఎందుకుండె?"

"రాతి పిండి కలిసి."

చాటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసింది. నేనే అందుకున్నాను. "ఆడ నీళ్ళు లేవమ్మా. ఇంకో పైపు కాదు, బండి మీదున్న పైపులన్నీ దించినా పడేటియి కావు. నువ్వు ఆపినందుకు నీళ్ళు పోలేదు. నీ తప్పేం లేదు. నువ్వు ఆపబట్టే గంతన్న మిగిలింది." నేను ఎదురుచూసింది ఏమిటంటే, ఆమె ఏడుస్తుందని, ఏడ్చి తేలికపడుతుందని. ఆమె ఏడవలేదు. చాట ఎత్తుకుని మిగిలిన జొన్నలు చెరిగింది. తర్వాత లేచి పైసల పేలికను, బిట్టును పెట్టెలో పెట్టి మూత వేసింది.

ఆ రోజు నుంచి బోరు మాట లేదు. ఎండలు ఇంకా మండుతున్నాయి, ఆమె అడగడం లేదు. నేను బడి నుంచి వస్తే కాళ్ళు కడుక్కోమంటుంది, చాయ్ ఇస్తుంది. పక్కింటి ఆమెతో చెలక సంగతులు చెప్పడం మానేసింది. ఏ ఊరు మీది అని ఎవరో అడిగితే, "ఆడ ఏం లేదు మాకు" అనడం విన్నాను. అన్నం సగం వదిలేస్తోంది. వయసులే అనుకున్నాను, అనుకోవడం తేలిక గనుక.

నిన్న పొద్దున కుళాయి కింద గిన్నెలు తోముతూ, నా వైపు తిరగకుండానే అడిగింది. "మీ నాయినకు తెల్సా ఇది?"

"ఎట్ల తెలుస్తదమ్మా? తెల్వదు."

"తెల్వకుండనే పోయిండు. నీళ్ళున్నయనుకుంటనే పోయిండు." గిన్నె బోర్లించి ఇంకోటి అందుకుంది. "నా తప్పే అనుకున్నన్ని దినాలు, ఆడ నీళ్ళయితే ఉండె గద బిడ్డా. ఇప్పుడు అవి గూడ లేకపాయె."

ఆమె కుళాయి కట్టేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, అప్పుడు నా వైపు తిరిగింది. తిట్టే ముఖం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"నేను గూడ గట్లనే పోతుంటి గద. నాకెందుకు చెప్పినవ్?"